గట్టుకు కబురు వేరు, పక్క ఓడ కంటపడటం వేరు: మరపడవల ఆపద పెట్టెపై సమీక్ష

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో ఇంజన్ విడిభాగాలు, వలతాళ్లు, లైఫ్ జాకెట్లు అమ్మే ఒక దుకాణంలో మరపడవల కోసం ఆపద పెట్టె ఒకటి దొరుకుతోంది. నీళ్లు చొరబడని నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బాలో పైకెగిరి గొడుగుతో దిగుతూ ఎర్రగా మండే రెండు పారాచూట్ రాకెట్లు, చేత్తో పట్టుకుని వెలిగించే నాలుగు హ్యాండ్ ఫ్లేర్లు, నీటిపై తేలుతూ నారింజ రంగు పొగ వదిలే డబ్బా ఒకటి, ఓడ రాడార్ తరంగాలను తిప్పికొట్టే, మడిచి దాచుకునే అల్యూమినియం రాడార్ రిఫ్లెక్టర్, సిగ్నల్ అద్దం, విజిల్, వాటర్‌ప్రూఫ్ టార్చి ఉంటాయి. అదనంగా డబ్బు కడితే డీఎస్‌సీ, అంటే మీట నొక్కితే అంకెల రూపంలో ఆపద సందేశం పంపే సదుపాయం, ఉన్న చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు కూడా ఇస్తారు. మా మేనమామ తన బోటు కోసం సెట్టుతో సహా ఈ పెట్టెను వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో కొన్నారు. దుకాణం పేరు, డబ్బా మీది కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి పెట్టెల్లో సరుకు ఇంచుమించు ఒకటే కనుక పేరుకన్నా పనితనం ముఖ్యం.

నేను సరుకు ఓడల్లో వాచ్ ఆఫీసరుగా, అంటే తన వంతు గంటల్లో ఓడను నడిపే అధికారిగా, పనిచేస్తున్నాను. అందువల్ల ఆపదలో ఉన్న బోటును దూరం నుంచి చూడవలసిన మనిషి కంటితోనే పెట్టెలోని ఒక్కొక్క వస్తువునూ తూచి చూశాను. పెట్టె విప్పుతున్నప్పుడు బోటు నడిపే సరంగు, “ఓడోళ్లు సూసినా ఆగరు కదా బాబూ, మరి ఇదంతా దేనికి?” అని అడిగాడు. ఆ మాటలో ఏళ్ల తరబడి పేరుకున్న అసంతృప్తి ఉంది, కొంత నిజమూ ఉంది. అయితే చూసి ఆగకపోవడం కంటే, చూసినది ఆపద అని తెలియక సాగిపోవడమే నేను బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, ఎక్కువగా గమనించిన సంగతి. కాబట్టి ఈ పెట్టెకు వేయవలసిన పరీక్ష ఒక్కటే: ఇందులోని వస్తువు, తన పనిలో తానున్న పరాయి ఓడ అధికారికి ఇది ఆపద అని అనుమానానికి తావు లేకుండా తెలియజేస్తుందా, లేదా?

అంతకు ముందు, ఈ పెట్టె అసలు అవసరమా అన్న సందేహం తీరాలి. ఆపదలో ఉపగ్రహం ద్వారా గట్టుకు కబురు పంపడానికి ఇస్రో తయారు చేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, అంటే డాట్, 2010 నుంచి మత్స్యకారుల వాడుకలో ఉంది. 2024 జనవరిలో వచ్చిన దాని రెండో తరం పరికరం మరింత మెరుగైనది. మీట నొక్కిన తరువాత కబురు అందిందన్న జవాబు తిరిగి బోటుకు వస్తుంది, తుపాను హెచ్చరికల వంటి సందేశాలు బ్లూటూత్ ద్వారా మొబైల్‌లో సొంత భాషలో చదువుకోవచ్చు. ఇది కాక, బోటు స్థానాన్ని ఉపగ్రహం ద్వారా తెలిపే ట్రాన్స్‌పాండర్లు లక్ష చేపల బోట్లకు ఉచితంగా అమర్చే జాతీయ పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. ఇవన్నీ ఉండగా మళ్లీ ఈ ఖర్చు దేనికని యజమానులు అడగడం సహజమే.

కానీ డాట్ కబురు పైకి ఉపగ్రహానికి వెళ్లి, అక్కడి నుంచి బెంగళూరులోని మిషన్ కంట్రోల్ సెంటర్‌కు దిగి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్ నడిపే సహాయ సమన్వయ కేంద్రానికి చేరుతుంది. మన తీరానికి సంబంధించినంతవరకు ఆ కేంద్రం చెన్నైలో ఉంది. ఈ దారి అంతటిలో, బోటుకు నాలుగు మైళ్ల దూరంలో వెళుతున్న ఓడ బ్రిడ్జి మీద ఒక్క గంట కూడా మోగదు. చెన్నై నుంచి ఆ ఓడకు కబురు చేరేలోపు అది హోరిజాన్ దాటిపోయి ఉండవచ్చు. లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. అరవై మైళ్ల అవతల నుంచి 20 నాట్ల, అంటే గంటకు 20 సముద్రపు మైళ్ల, వేగంతో వచ్చే గస్తీ నౌకకు మూడు గంటలు పడుతుంది. నాలుగు మైళ్ల దూరంలో 14 నాట్ల మీద నడుస్తున్న సరుకు ఓడకు పద్దెనిమిది నిమిషాలు కూడా పట్టదు. మునిగే బోటుకు ఆ రెండింటి మధ్య ఉన్నది ప్రాణమే. డాట్ తప్పనిసరిగా ఉండాలి, దాని విషయంలో రెండో మాట లేదు. ఈ పెట్టె చేయవలసింది డాట్ చేయని పని.

ఇప్పుడు బ్రిడ్జి మీదికి వద్దాం. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు సాగే వాచ్‌లో, పెద్ద సరుకు ఓడ మీద కూడా చీకట్లో కళ్లు పెట్టుకుని నిలబడేది సాధారణంగా ఒక అధికారి, చుట్టూ చూస్తుండే ఒక లుకౌట్ మాత్రమే. కాకినాడ, విశాఖ తీరాల బయట వాళ్ల ముందు పదుల కొద్దీ బోట్లు కనిపిస్తాయి. డెక్ లైట్లు, మిణుకుమిణుకుమనే రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు, వలలకు కట్టిన తేలుడు బుడ్ల మీద వెలిగి ఆరే చిన్న దీపాలు, కొన్ని వలలకు తగిలించిన చవక ఏఐఎస్ బీకన్లు (రేడియో ద్వారా తమ స్థానాన్ని ఓడల తెర మీద చూపే పరికరాలు), ఇవన్నీ కలిసి తెర మీదా కిటికీలోనూ ఒకే గందరగోళంగా ఉంటాయి. అధికారి దృష్టి అంతా వీటిలో దేనికీ తగలకుండా తప్పించుకుపోవడం మీదే ఉంటుంది.

ఇక్కడే టార్చి సంగతి వస్తుంది. మన బోట్లవాళ్లు ఓడ దగ్గరికి వస్తుంటే టార్చి ఊపుతారు, లైటు ఓడ వైపు కొడతారు. “ఇక్కడ వల ఉంది, దూరంగా పో” అని దాని అర్థం. బ్రిడ్జి మీదివాళ్లు ఈ సంకేతానికి బాగా అలవాటు పడిపోయారు. నిజంగా ఆపదలో ఉన్న బోటు అదే విధంగా టార్చి ఊపితే, చూసిన అధికారి చేసే పని ఓడను అవతలికి తిప్పడం. బోటులోని వాళ్లకు అది మమ్మల్ని చూసి కూడా తప్పించుకుపోయిన ఓడగా మిగులుతుంది. పగటిపూట చొక్కా ఊపడానికీ ఇదే గతి. ఓడలు ఢీకొనకుండా చేసిన అంతర్జాతీయ నిబంధనల అనుబంధం ఆపద సంకేతంగా చెప్పే తీరు వేరు: రెండు చేతులనూ ఇరువైపులకు చాచి, నెమ్మదిగా పైకెత్తుతూ దించుతూ మళ్లీ మళ్లీ చేయాలి. ఒక చేయి ఊపితే పలకరింపు అనుకుంటారు. పెట్టెలోని టార్చిలో మీట రెండుసార్లు నొక్కితే తనంతట తానే మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి వెలుగులుగా ఎస్‌ఓఎస్ వేసే ఏర్పాటు ఉంది. ఆ ఒక్క ఏర్పాటు వల్లే ఈ టార్చి మామూలు టార్చి కంటే విలువైనది. సరంగు నుంచి కడగొట్టు కలాసీ దాకా అందరికీ ఆ మీట తెలియాలి.

ఓడలు దాటిపోవడం మన తీరానికే పరిమితమైన విషయం కాదు. 1973లో పసిఫిక్ మహాసముద్రంలో తిమింగలం ఢీకొని పడవ మునిగిపోయిన బ్రిటిష్ దంపతులు మారిస్, మారలిన్ బెయిలీ 117 రోజులు గాలి తెప్ప మీద గడిపారు. ఆ కాలంలో ఏడు ఓడలు వాళ్లను గమనించకుండా వెళ్లిపోయాయి. చివరకు రక్షించింది దక్షిణ కొరియాకు చెందిన వోల్మి 306 అనే చేపల ఓడ. నీటి మట్టానికి ఉన్న తెప్ప పెద్ద ఓడ కంటికి ఎంత చిన్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పారాచూట్ రాకెట్ ఈ పెట్టెలో అన్నిటికన్నా దూరం చేరే వెలుగు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 300 మీటర్ల ఎత్తుకు లేచి, 30,000 క్యాండెలాల ఎర్రని వెలుగుతో కనీసం 40 సెకన్లు మండుతూ, సెకనుకు 5 మీటర్లకు మించని వేగంతో కిందికి దిగాలి. ఈ పెట్టెలోని రాకెట్ల మీద ఆ ప్రమాణానికి తగిన ముద్ర ఉంది. భూమి వంపును బట్టి మాత్రమే లెక్క వేస్తే, అంత ఎత్తున మండే వెలుగు 25 మీటర్ల ఎత్తున్న బ్రిడ్జికి 40 మైళ్లు దాటి కూడా హోరిజాన్ పైనే ఉంటుంది. మన సముద్రం మీది తేమ, మబ్బు, మసక కలిపి చూస్తే అందులో సగం దూరం నుంచి కనబడినా సంతోషించాలి. ఎర్ర వెలుగు గాలిలో తేలుతూ నెమ్మదిగా దిగడం బోట్ల దీపాల గుంపులో కలిసిపోయే దృశ్యం కాదు. దాన్ని చూసిన ఏ అధికారీ వల గుర్తు అనుకోడు. దీపావళి రాత్రి గట్టుకు దగ్గరలో ఉంటే మాత్రం సంగతి వేరు.

దీని బలహీనత 40 సెకన్లే. ఆ 40 సెకన్లలో అధికారి చార్టు బల్ల దగ్గర లాగ్ బుక్ రాస్తూ ఉండవచ్చు, లుకౌట్ బ్రిడ్జి పక్కకు పొడుచుకొచ్చిన అవతలి రెక్క మీద నిలబడి ఉండవచ్చు. అందుకే మొదటిది కాల్చిన వెంటనే, ఒక నిమిషంలోపే, రెండోది కాల్చాలి: మొదటి రాకెట్ చూపును లాగుతుంది, రెండోది దిక్కును రూఢి చేస్తుంది. పెట్టెలో రెండే రాకెట్లు ఉండటం వల్ల ఈ జత ఒక్క ఓడకే సరిపోతుంది. నా దృష్టిలో ఇది పెట్టెలోని పెద్ద లోపం. కనీసం నాలుగు ఉండాలి. ఓడ ముందుభాగం మన వైపు ఉన్నప్పుడు కాల్చడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే బ్రిడ్జి మీది కళ్లు ఎక్కువగా ఓడ పోయే దిక్కునే చూస్తాయి. వెనుక దీపం కనబడుతున్న ఓడకు రాకెట్ కాల్చడమంటే దాన్ని సముద్రంలో పారేయడమే. గాలి బలంగా ఉంటే రాకెట్ గాలికి ఎదురుగా తిరిగే స్వభావం కలది కనుక గాలి పోయే వైపుకు కొద్దిగా వంచి కాల్చాలి. మబ్బు కిందికి దిగి ఉంటే నిట్టనిలువుగా కాక ఏటవాలుగా పంపాలి, లేకపోతే వెలుగంతా మబ్బు పైనే ఖర్చయిపోతుంది. ఈ రెండు మాటలూ డబ్బా మీది సూచనల్లో లేవు.

హ్యాండ్ ఫ్లేర్ 15,000 క్యాండెలాల వెలుగుతో ఒక నిమిషం పాటు మండాలని ప్రమాణం. ఇది దూరపు ఓడను పిలిచే సాధనం కాదు. రాకెట్ చూసి తిరిగిన ఓడకు, బోట్ల గుంపులో ఆపదలో ఉన్న బోటు ఏదో వేలు పెట్టి చూపించే సాధనం. శిక్షణలో వీటిని వెలిగించిన అనుభవంతో చెబుతున్నాను, అసలు కష్టం మూత తీయడంలోనే ఉంది. పెట్టెలోని ఫ్లేర్ అడుగు మూత తిప్పితే చిన్న దారం, దాని కొసకు ఉంగరం బయటపడతాయి. తడి వేళ్లకు, చేపల జిగురు అంటిన వేళ్లకు ఆ ఉంగరం దొరకడం అంత సులువు కాదు. ఉంగరం కాస్త పెద్దదిగా, గరుకుగా ఉంటే బాగుండేది. లాగిన ఒకటి రెండు సెకన్లకు భగ్గున అంటుకుని, మండేకొద్దీ ఎర్రగా కాగిన మడ్డి బొట్లుబొట్లుగా రాలుతుంది. మన బోటు డెక్ మీద ఏముంటుంది? నైలాన్ వల, డీజిల్ పీపా, ఫైబర్ పలక. అందువల్ల గాలి పోయే పక్కకు చేరి, చేయి పూర్తిగా బోటు బయటికి చాచి, ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకోవాలి. ఈ హెచ్చరిక డబ్బా మీద ఉంది కానీ ఇంగ్లీషులో, పెసరగింజంత అక్షరాల్లో ఉంది. బొమ్మలు ఉన్నాయి గనుక కొంత నయం.

పొగ డబ్బా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కనీసం మూడు నిమిషాలు నారింజ రంగు పొగ వదులుతుంది. పగలు హెలికాప్టర్ పైలట్‌కు, కోస్ట్‌గార్డ్ విమానానికి ఎంతో ఉపయోగం. ఓడ బ్రిడ్జి నుంచి మాత్రం గాలి కాస్త గట్టిగా వీస్తే ఆ పొగ నీటి మీద పరుచుకుపోయి, దగ్గరికి వస్తే తప్ప కంటికి ఆనదు. విజిల్ నీళ్లలో పడిన మనిషికి, అది కూడా పక్కన బోటు ఇంజన్ ఆగినప్పుడు. సిగ్నల్ అద్దం పెట్టెలో అన్నిటికన్నా చవకైన వస్తువు. అయినా ఎండ ఉన్నంతసేపూ అరిగిపోని, గడువు తీరని సాధనం అదొక్కటే. మధ్యలోని రంధ్రం గుండా ఓడను చూస్తూ వెలుగు మచ్చను దాని మీదికి నడిపిస్తే, పది మైళ్ల అవతలి బ్రిడ్జి కిటికీలో కూడా కళ్లు చెదిరేలా తళుక్కుమంటుంది. సరంగుకు ఇది బాగా నచ్చింది. గట్టు మీదే నిలబడి, హార్బర్ అవతల లంగరు వేసిన బోటు క్యాబిన్ మీద వెలుగు మచ్చ ఆడిస్తూ నేర్చుకున్నాడు.

రాడార్ రిఫ్లెక్టర్ విషయంలో దుకాణంవారి మాటను నేను ఒప్పుకోను. చెక్క, ఫైబర్ బోట్ల నుంచి రాడార్ తరంగాలు సరిగా తిరిగి రావు. ఇనుము ఉన్న ఇంజన్ నీటి మట్టం కిందే ఉంటుంది. కాస్త అల పుట్టిందంటే ఆ చిన్న ప్రతిధ్వని అలల ప్రతిధ్వనుల్లో మునిగిపోతుంది. కాబట్టి రిఫ్లెక్టర్ కట్టడం మంచిదే. కానీ పెట్టెలోని ఎనిమిది ముఖాల రిఫ్లెక్టర్ పరిమాణం చిన్నది. పైగా దుకాణంలో దాన్ని మొన మీద నుంచి వేలాడదీసి చూపిస్తున్నారు, అది పనితనం తగ్గించే పద్ధతి. వాన పడితే నీళ్లు నిలిచేలా ఒక గుంట సరిగ్గా పైకి తెరుచుకుని ఉండాలి, మాస్టు మీద వీలైనంత ఎత్తున గట్టిగా బిగించాలి. 2006 ఆగస్టులో ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో ఊజో అనే చిన్న తెరచాప పడవ, ప్రైడ్ ఆఫ్ బిల్బావో అనే పెద్ద ప్రయాణికుల ఓడకు రాత్రివేళ ఎదురుపడి మునిగిపోగా ముగ్గురు చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు సంస్థ చిన్న పడవల రిఫ్లెక్టర్ల మీద పరీక్షలు చేయించింది. సన్నని గొట్టం ఆకారంలో ఉండేవి పనికిరావని, బ్యాటరీ శక్తితో రాడార్ తరంగానికి జవాబిచ్చే రకం అన్నిటికన్నా మెరుగని తేలింది. పెట్టెతో వచ్చినది గొట్టం రకం కాదు కనుక పారేయనక్కరలేదు, కానీ దీన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇక చేతి వీహెచ్‌ఎఫ్ సెట్టు. దుకాణంవారు దీన్ని అదనపు సరుకుగా చూపిస్తున్నారు, నా లెక్కలో ఈ పెట్టెకు అసలు సరుకు ఇదే. పైన చెప్పిన ప్రతి వస్తువూ అవతలి మనిషి అదే క్షణంలో అటు చూస్తున్నాడన్న ఆశ మీద ఆధారపడింది. డీఎస్‌సీ అలా కాదు, చూడనివాడిని కూడా లేపుతుంది. సెట్టు పక్కన చిన్న మూత కింద ఎర్ర మీట ఉంటుంది. మూత ఎత్తి, మీటను సెట్టు చప్పుడు చేసేదాకా కొన్ని సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. అప్పుడు 70వ ఛానెల్ మీద, అంటే 156.525 మెగాహెర్ట్జ్ మీద, బోటు గుర్తింపు సంఖ్య, జీపీఎస్ చెప్పిన స్థానం, సమయం కలిసిన అంకెల సందేశం వెళుతుంది. పరిధిలో ఉన్న ప్రతి ఓడ బ్రిడ్జి మీదా అలారం మొదలవుతుంది. ఆ మోత చెవులు మూసుకోవలసినంత కఠోరంగా ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి మీట నొక్కితే తప్ప ఆగదు, నొక్కినవాడి కంటి ముందు తెర మీద అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. జవాబు రాకపోతే సెట్టు సుమారు నాలుగు నిమిషాలకొకసారి తనంతట తానే మళ్లీ పంపుతుంది.

దీని గొప్పతనం భాష విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. ఆపద పిలుపుల కోసం ఓడలన్నీ వింటూ ఉండవలసిన 16వ ఛానెల్‌లో మన తీరం వెంట తెలుగు, ఒడియా, తమిళ కబుర్లు ఎడతెగకుండా సాగుతుంటాయి. విసుగెత్తిన అధికారులు శబ్దం తగ్గించుకోవడం చాలా ఓడల్లో చూస్తాం. అది తప్పే, అయినా జరుగుతున్నది అదే. ఆ రొదలో “బోటు మునిగిపోతాంది” అన్న కేక ఫిలిప్పీన్స్ అధికారికో ఉక్రెయిన్ అధికారికో మరొక కబురులాగే వినిపిస్తుంది. ఎర్ర మీట పంపే సందేశానికి భాష లేదు. మీట నొక్కిన తరువాత 16వ ఛానెల్‌లో “మేడే” అనే ఆపద పిలుపు మూడుసార్లు, బోటు పేరు, “సింకింగ్” లేదా “ఫైర్”, మనుషుల సంఖ్య చెబితే చాలు. ఆ కాసిని మాటలు క్యాబిన్ గోడ మీద తెలుగు లిపిలో రాసి పెట్టమని మేనమామకు చెప్పాను, రాయించారు.

పరిధి గురించి దుకాణంలో చెప్పిన అంకెలు కాస్త పెద్దవి. రెండు మీటర్ల ఎత్తున పట్టుకున్న సెట్టు నుంచి, 30 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న ఓడకు సిద్ధాంతపరంగా 15 మైళ్లు వస్తుంది; ఈ సెట్టు గరిష్ఠ శక్తి 6 వాట్లే కనుక అలల్లో దానికన్నా తక్కువనే అనుకోవాలి. అదే మరో బోటులో రెండు మీటర్ల ఎత్తున ఉన్న చేతి సెట్టుకైతే ఆరు మైళ్లు దాటదు. ఇంకో సంగతి, పక్క బోట్లలోని పాత సెట్లలో డీఎస్‌సీ లేకపోతే ఎర్ర మీట నొక్కినా వాటిలో ఏ చప్పుడూ రాదు. ఆపదలో మొదట చేరేది చాలాసార్లు తోటి బోటే కాబట్టి, ఓడల కోసం ఎర్ర మీట నొక్కి, మన బోట్ల కోసం వాళ్లు మామూలుగా వినే ఛానెల్‌లో మన మాటలోనే పిలవాలి. రెండూ చేయాలి.

సెట్టు కొనగానే పనిచేస్తుందనుకోవడం పొరపాటు. తొమ్మిది అంకెల ఎంఎంఎస్‌ఐ సంఖ్య, అంటే రేడియోలో బోటును గుర్తించే సంఖ్య, అందులో ఎక్కించేదాకా ఎర్ర మీట ఉన్నా లేనట్టే. భారతీయ నౌకలకు ఆ సంఖ్య 419తో మొదలవుతుంది. దానికి వైర్‌లెస్ లైసెన్సు కావాలి. డబ్బు తీసుకునేటప్పుడు దుకాణంవారు ఈ మాట ఎత్తలేదు, దరఖాస్తు కాగితాల్లో సాయం చేస్తామని కూడా అనలేదు. మేమే తిరిగి పని పూర్తి చేసుకోవలసి వచ్చింది. లైసెన్సు రాని సెట్టును ఆపద సామగ్రి అని అమ్మడం సరైన పద్ధతి కాదు. సెట్టుతో ఇచ్చిన ఛార్జరు 12 వోల్టులది. బోటు బ్యాటరీ 24 వోల్టులదైతే మార్చే పరికరం విడిగా కొనాలి. సెట్టు నీళ్లలో తేలుతుంది, పడగానే దీపం వెలుగుతుంది. హార్బర్‌లో తాడు కట్టి వదిలి చూశాం, చెప్పినట్టే చేసింది. ఛార్జింగ్ పెట్టే చోట ఉప్పు పేరుకోకుండా వేట నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి తుడవాలి.

పెట్టెలో లేని వస్తువుల్లో ఒక్కదాని గురించి చెప్పాలి. ఏఐఎస్ సార్ట్ అనే చిన్న పరికరం, దాని తోబుట్టువు లాంటి లైఫ్ జాకెట్‌కు తగిలించుకునే మనిషి బీకను, నీళ్లలో పడ్డవాడి స్థానాన్ని చుట్టూ ఉన్న ఓడల ఏఐఎస్ తెర మీద వలయంలో ఇంటూ గుర్తుగా చూపిస్తాయి. సార్ట్ సంఖ్య 970తో, మనిషి బీకను సంఖ్య 972తో మొదలవుతుంది కనుక మామూలు బోట్లతో కలిసిపోదు. వలలకు కట్టే చవక బీకన్లు తెరను నింపేస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రత్యేక గుర్తుకు విలువ పెరిగింది. అయితే పాత ఏఐఎస్ యంత్రాలు కొన్ని వీటికి అలారం మోగించవు, గుర్తు మాత్రమే చూపిస్తాయి. కాబట్టి డీఎస్‌సీ సెట్టు కొన్నాక డబ్బు మిగిలితేనే దీని వైపు చూడాలి.

గడువు తేదీల దగ్గర దుకాణంతో మాకు గట్టి వాదనే జరిగింది. రాకెట్లకు, ఫ్లేర్లకు తయారైన నాటి నుంచి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. మాకు మొదట ఇచ్చిన పెట్టెలో హ్యాండ్ ఫ్లేర్లకు ఏడాది కూడా మిగిలి లేదు, రాకెట్లకు మాత్రం రెండేళ్లకు పైగా ఉంది. అడిగితే మార్చి ఇచ్చారు, కానీ అడగనివాడికి పాతవే పోతాయని అర్థమైంది. కొనేటప్పుడు డబ్బా మూత తీయించి, ఒక్కొక్క గొట్టం మీద అచ్చు వేసిన నెల, సంవత్సరం చదువుకుని తీసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కనుక, బోటుకు రంగులు వేసే ఆ రోజుల్లోనే ఏటా పెట్టె విప్పి తేదీలు చూసుకోవడం వీలుగా ఉంటుంది. గడువు తీరినవి తిరిగి తీసుకుంటారా అంటే దుకాణంవారు తీసుకోబోమన్నారు. పేలుడు సామగ్రి కనుక వాటిని ఇంట్లో ఉంచడమూ, పండక్కి కాల్చడమూ రెండూ ప్రమాదమే. సముద్రంలో కాలిస్తే లేని ఆపదకు ఓడలు దారి మళ్లుతాయి.

మొత్తం మీద డబ్బా, రాకెట్లు, అద్దం, టార్చి నాణ్యతకు అయిదుకు నాలుగు ఇస్తాను. చేతి సెట్టుకు నాలుగున్నర. రిఫ్లెక్టర్‌కు రెండు. అమ్మకం తీరుకు, తెలుగులో ఒక్క ముక్క సూచన లేకపోవడానికి కలిపి రెండుకు మించి ఇవ్వలేను. డాట్ ఇప్పటికే ఉన్న బోటు యజమాని చేతిలో పరిమితంగా డబ్బు ఉంటే ముందు లైసెన్సుతో సహా డీఎస్‌సీ సెట్టు, ఆ తరువాత పెట్టెలోని రెండింటికి తోడు విడిగా మరో రెండు పారాచూట్ రాకెట్లు, ఆ పైన అద్దం, ఎస్‌ఓఎస్ టార్చి కొనుక్కోవాలని నా సలహా. పొగ డబ్బా, రిఫ్లెక్టర్ వచ్చే ఏడాదికి ఆగవచ్చు. మేనమామ మరో రెండు రాకెట్లు తెప్పించారు. పెట్టెను ఇంజన్ గదిలో పెట్టబోతుంటే సరంగే వద్దని, అగ్నిప్రమాదం మొదలయ్యేది అక్కడే కదా అని, చుక్కాని పక్కన చేతికందే చోట బెల్టుతో బిగించాడు.